లండన్ నుంచి బ్రైటన్‌కు ఒక రోజు: టికెట్ల లెక్క, చేతి ఖర్చు

లండన్ పరిసరాల్లో ఉంటున్న తెలుగు కుటుంబాలు స్వదేశం నుంచి వచ్చిన అమ్మానాన్నలకు సముద్రం చూపించాలనుకున్నప్పుడు సాధారణంగా ముందు అనుకునే ఊరు బ్రైటన్. లండన్ నుంచి దాదాపు 80 కిలోమీటర్ల దూరం, విక్టోరియా స్టేషన్ నుంచి రైలులో సుమారు గంట ప్రయాణం కాబట్టి, పొద్దున్నే బయలుదేరితే రాత్రి భోజనానికి ఇల్లు చేరవచ్చు. ఊరి అందచందాలను వర్ణించడం ఈ సమీక్ష ఉద్దేశం కాదు. అక్కడికి వెళ్లి రావడానికి ఉన్న రవాణా సేవలు మనం ఇచ్చే డబ్బుకు తగినవేనా, ఊళ్లో దిగాక డబ్బు ఎక్కడ అవసరం, ఎక్కడ దండగ అన్నంత వరకే దీని పరిధి. నా అభిప్రాయం ముందే చెబుతాను. రైలు సేవ బాగుంది, కానీ ఆ రైలుకు టికెట్లు అమ్మే పద్ధతి చదువుకున్నవారిని కూడా తికమక పెడుతుంది. ఈ యాత్రలో మిగిలే డబ్బంతా దాదాపుగా ఇంట్లో కూర్చుని టికెట్టు కొనేటప్పుడే మిగులుతుంది. ఒడ్డున నిలబడి పిల్లల ఐస్‌క్రీముల దగ్గర పిసినారితనం చూపితే మిగిలేది చాలా తక్కువ.

బ్రైటన్‌కు రైలు మార్గం 1841లో వచ్చింది. సంపన్నుల విడిదిగా ఉన్న ఆ ఊరు లండన్ సామాన్యులకు అందుబాటులోకి రావడానికి కారణం ఆ రైలే, నేటికీ అక్కడికి వెళ్లడానికి అన్నిటికంటే మంచి సాధనం కూడా అదే. విక్టోరియా నుంచి సదరన్, గాట్విక్ ఎక్స్‌ప్రెస్ రైళ్లు వెళతాయి. సెయింట్ పాంక్రాస్, ఫారింగ్డన్, బ్లాక్‌ఫ్రయర్స్, లండన్ బ్రిడ్జ్ స్టేషన్ల మీదుగా థేమ్స్‌లింక్ రైళ్లు వెళతాయి. ఏది ఎక్కాలన్నది మనం ఉండే చోటును బట్టి నిర్ణయించుకోవలసిన విషయం. ఈస్ట్‌హామ్‌లో ఉండేవారికి డిస్ట్రిక్ట్ లైన్ నేరుగా విక్టోరియాకు తీసుకుపోతుంది. ఇల్ఫర్డ్, స్లావ్, రెడింగ్ వైపు ఉండేవారు ఎలిజబెత్ లైన్‌లో ఫారింగ్డన్‌లో దిగి, అక్కడే థేమ్స్‌లింక్ ఎక్కితే ఒక్క మార్పుతో పని అయిపోతుంది. విక్టోరియాకు వెళ్లాలని పట్టుబట్టి, సామాను, పిల్లలు, మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లతో మెట్రో మెట్లు ఎక్కి దిగడం అనవసరం. లూటన్, బెడ్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్ నుంచి బ్రైటన్‌కు నేరుగా వెళ్లే థేమ్స్‌లింక్ రైళ్లు ఉన్నాయన్న సంగతి ఆ ఊళ్లలో ఉండేవారికే చాలామందికి తట్టదు. థేమ్స్‌లింక్ సీట్ల గట్టిదనం గురించి ఆ రైళ్లు వచ్చిన నాటి నుంచీ ప్రయాణికులు చెబుతూనే ఉన్నారు. గంటంబావు కూర్చోవడానికి పెద్దవాళ్లు ఇబ్బంది పడతారనుకుంటే మాత్రం విక్టోరియా దారి మేలు.

ఇక టికెట్ల సంగతి. లండన్‌లో అన్నిచోట్లా ఆయిస్టర్ కార్డు తాకించి తిరిగే అలవాటుతో బ్రైటన్ రైలు కూడా అలాగే ఎక్కేసేవారు ఉంటారు. ఆయిస్టర్ గాట్విక్ విమానాశ్రయం దాకానే చెల్లుతుంది, బ్రైటన్‌కు చెల్లదు. సరైన టికెట్టు లేకుండా పట్టుబడితే జరిమానా 100 పౌండ్లు, దానికి టికెట్టు ధర అదనం. 21 రోజుల్లోగా కడితే జరిమానా 50కి తగ్గుతుంది. కుటుంబంలో ఒక్కరికి ఈ దెబ్బ తగిలినా యాత్ర మీద మిగిల్చిన డబ్బంతా పోయినట్లే. అందుచేత టికెట్లను ముందే ఆన్‌లైన్‌లోనో, స్టేషన్‌లోని యంత్రం దగ్గరో కొనుక్కోవాలి. రైలు కంపెనీల సొంత వెబ్‌సైట్లలో కొంటే బుకింగ్ రుసుము ఉండదు; మధ్యవర్తి యాప్‌లు కొన్ని అదే టికెట్టు మీద రుసుము వేస్తాయి. ఇందులో వాటి సౌకర్యం తప్ప మనకు కలిగే లాభమేమీ లేదు.

ఒకే రోజు, ఒకే ఊరికి, ఒకే పట్టాల మీద వెళ్లే టికెట్లకు ఇన్ని ధరలు ఉండటం మొదటిసారి చూసేవారికి వింతగా ఉంటుంది. ఎప్పుడైనా ప్రయాణించగల టికెట్టు అన్నిటికంటే ఖరీదైనది. పని రోజుల్లో సుమారు తొమ్మిదిన్నర దాటాక, శని ఆదివారాల్లో రోజంతా చెల్లే ఆఫ్-పీక్ టికెట్టు దానికంటే చాలా చవక. వారాంతాల్లో సూపర్ ఆఫ్-పీక్ అని ఇంకా తక్కువది కూడా దొరుకుతుంది. గాట్విక్ ఎక్స్‌ప్రెస్‌లో చెల్లే టికెట్టుకు ఎక్కువ పెట్టాలి, ఆ రైలు తప్ప మిగిలినవాటిలో చెల్లేదానికి తక్కువ, థేమ్స్‌లింక్ రైళ్లలో మాత్రమే చెల్లేదానికి మరికొంత తక్కువ. అడ్వాన్స్ టికెట్టు అన్నిటికంటే చవకగా కనిపిస్తుంది కానీ, అది ఫలానా సమయానికి బయలుదేరే ఫలానా రైలుకు మాత్రమే చెల్లుతుంది, తప్పిపోతే డబ్బు పోయినట్లే. ఒంటరిగానో, ఇద్దరు స్నేహితులుగానో వెళ్లేవారికి అడ్వాన్స్ టికెట్టు మంచిదే. పిల్లలకు టిఫిన్ పెట్టి, పెద్దవాళ్లకు మందులు వేయించి, ఇంటికి తాళం వేసి బయలుదేరే కుటుంబం మాత్రం గడియారంతో పందెం వేయకూడదు. అటువంటి కుటుంబానికి రానుపోను కలిపిన ఆఫ్-పీక్ టికెట్టే సరైనది. ఒడ్డున ఎండ బాగుంటే ఇంకో గంట కూర్చోవచ్చు, వాన మొదలైతే వెంటనే వెనక్కి రావచ్చు. అక్కడి వాతావరణం సంగతి తెలిసినవారికి ఈ వెసులుబాటు విలువ వేరే చెప్పనక్కరలేదు.

రాయితీల విషయంలో నేను వినే సలహా ఎప్పుడూ ఒక్కటే: "రైల్‌కార్డు తీసుకోండి." అది సగం సరైన సలహా. ఫ్యామిలీ అండ్ ఫ్రెండ్స్ రైల్‌కార్డు ధర 2025 మార్చిలో 30 నుంచి 35 పౌండ్లకు పెరిగింది. దాని మీద నలుగురు పెద్దలకు మూడో వంతు, 5 నుంచి 15 ఏళ్ల పిల్లలు నలుగురికి 60 శాతం రాయితీ వస్తుంది. కార్డు వాడాలంటే వెంట కనీసం ఒక పిల్లవాడో పిల్లో ఉండాలి. ఐదేళ్ల లోపు పిల్లలకు ఎలాగూ టికెట్టు అక్కరలేదు, ఆ పైవారికి కార్డు లేకపోయినా సగం ధరే. లెక్క తేలికగా ఉండటానికి పెద్దవారి రానుపోను టికెట్టు 20 పౌండ్లు అనుకుందాం. భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు వెళితే మామూలుగా 60 పౌండ్లవుతుంది, కార్డు ఉంటే సుమారు 35. మిగిలేది 25 పౌండ్లు కాబట్టి కార్డు ధర మొదటి ప్రయాణంలో రాదు, రెండో ప్రయాణంతో లాభం మొదలవుతుంది. కార్డు ఏడాది పాటు చెల్లుతుంది కనుక, ఏడాదిలో రెండుసార్లు రైలెక్కే కుటుంబం అది తీసుకోవడం తెలివైన పనే.

అదే కుటుంబంతో ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలు కూడా వెళితే లెక్క మారిపోతుంది. ముగ్గురు నుంచి తొమ్మిది మంది పెద్దలు కలిసి ఆఫ్-పీక్ వేళల్లో ప్రయాణిస్తే, ఏ కార్డూ లేకుండానే గ్రూప్‌సేవ్ అనే పేరుతో మూడో వంతు తగ్గుతుంది. పై ధర ప్రకారమే నలుగురు పెద్దలు, ఇద్దరు పిల్లలకు మామూలుగా 100 పౌండ్లు కావలసింది, గ్రూప్‌సేవ్‌తో సుమారు 73 అవుతుంది. కొత్తగా రైల్‌కార్డు కొని దాని మీద వెళితే టికెట్లు సుమారు 61 పౌండ్లే అయినా, కార్డు ధర కలిపితే 96. కార్డు ముందే చేతిలో ఉన్నవారు దాన్నే వాడుకోవాలి. లేనివారు ఈ ఒక్క యాత్ర కోసం కొనడం నష్టం. అమ్మానాన్నలకు 60 ఏళ్లు దాటాయని వాళ్లిద్దరికీ విడివిడిగా సీనియర్ రైల్‌కార్డులు కొనేవారు కూడా ఉన్నారు. దాని మీద వచ్చేదీ మూడో వంతే, ఒక టికెట్టు మీద రెండు రాయితీలు కలపనివ్వరు కూడా. పెద్దవాళ్లిద్దరూ వేసవి అంతా ఉండి ఎడింబరా, బాత్ లాంటి దూరపు ఊళ్లు కూడా చూడబోతుంటే తప్ప ఆ ఖర్చుకు అర్థం లేదు.

రైలు కాక ఉన్న దారులు రెండు. విక్టోరియా కోచ్ స్టేషన్ నుంచి వెళ్లే నేషనల్ ఎక్స్‌ప్రెస్ బస్సు తరచుగా రైలు కంటే చవక, సముద్రానికి చాలా దగ్గరగా పూల్ వ్యాలీలో దింపుతుంది. కానీ దక్షిణ లండన్ రద్దీని దాటుకుని వెళ్లవలసి ఉన్నందున రెండు గంటలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది. విద్యార్థులకు సరిపోతుంది, కారు వాంతులయ్యే పిల్లలున్నవారికి సరిపోదు. సొంత కారులో నిండుగా ఐదుగురు వెళితే పెట్రోలు ఖర్చు రైలు టికెట్ల కంటే తక్కువే, అయితే బ్రైటన్‌లో పార్కింగ్ ఖరీదు, ఎండ కాసిన ఆదివారం అక్కడ చోటు కోసం తిరిగే తిరుగుడు కలిపితే ఆ లాభం నిలవదు. ఆగస్టు మొదట్లో జరిగే ప్రైడ్ ఉత్సవం, నవంబరు మొదటి ఆదివారం జరిగే పాతకాలపు కార్ల యాత్ర వంటి రోజుల్లో కారు ఆలోచనే పెట్టుకోకూడదు. ప్రైడ్ వారాంతంలోనైతే రైళ్లు కూడా కిక్కిరిసి ఉంటాయి. ప్రత్యేకించి ఆ ఉత్సవం చూడాలన్న కోరిక లేనివారు ఇంకో వారం ఎంచుకోవాలి.

బ్రైటన్ స్టేషన్ నుంచి క్వీన్స్ రోడ్ మీదుగా నేరుగా కిందికి నడిస్తే పావుగంటలో సముద్రం వస్తుంది. వెళ్లేటప్పుడు పల్లం కాబట్టి ఎవరికీ కష్టం తెలియదు. సాయంత్రం అదే దారి ఎత్తుగా మారుతుంది, అప్పుడు పెద్దవాళ్లకు బస్సు అవసరమవుతుంది. ఇంగ్లండ్‌లో ఒకసారి బస్సెక్కితే 3 పౌండ్లకు మించకుండా గరిష్ఠ ధర పెట్టారు. 2024 చివరి దాకా అది 2 పౌండ్లుగా ఉండేది. ఊళ్లో పలుసార్లు బస్సు ఎక్కాలనుకునేవారు రైలు టికెట్టుతో పాటే ప్లస్‌బస్ అనే అదనపు టికెట్టు కొనుక్కుంటే రోజంతా తిరగవచ్చు. సముద్రం, పియర్ (ఒడ్డు నుంచి సముద్రంలోకి వంతెనలా సాగే కట్టడం), పాత సందుల బజారు మాత్రమే చూసేవారికి దాని అవసరం రాదు.

ఒడ్డు గురించి ఒక హెచ్చరిక తప్పనిసరి. విశాఖ, సూర్యలంకల ఇసుకను మనసులో పెట్టుకుని వెళ్లేవారికి బ్రైటన్‌లో కనిపించేది గులకరాళ్ల మేట. పిల్లల కోసం ప్లాస్టిక్ బకెట్లు, పారలు కొనడం వృథా, చెప్పులు లేకుండా నడవడం బాధాకరం. గట్టి అడుగున్న బూట్లు, పరచుకోవడానికి మందపాటి దుప్పటి, ఆగస్టులో అయినా ఒక్కొక్కరికి ఒక గాలి కోటు తీసుకువెళ్లాలి. ఇసుకే కావాలనుకునేవారు సెయింట్ పాంక్రాస్ నుంచి మార్గేట్‌కో, వాటర్లూ నుంచి బోర్న్‌మత్‌కో వెళ్లడం మేలు. అయితే తీరమంతా ఉచితమేనన్న సంగతి మరవరాదు. 2003లో రెండుసార్లు మంటల్లో చిక్కి ఇనుప అస్థిపంజరంగా మిగిలిన వెస్ట్ పియర్‌ను సాయంత్రపు వెలుగులో చూడటానికి ఎవరికీ ఏమీ ఇవ్వనక్కరలేదు.

డబ్బు పెట్టదగినది ఏదైనా ఉందంటే అది బ్రిటన్ రాజు నాలుగో జార్జి కోసం వాస్తుశిల్పి జాన్ నాష్ 1815 నుంచి 1822 వరకు గుమ్మటాలతో, మినార్లతో తీర్చిన రాయల్ పెవిలియన్ అనే రాజభవనం. మొదటి ప్రపంచ యుద్ధంలో ఇక్కడ గాయపడిన భారత సైనికులకు ఆసుపత్రి నడిపారు. అందుకు కృతజ్ఞతగా భారతీయుల పేరిట 1921లో కట్టించిన ద్వారం తోట దక్షిణపు వైపున ఇప్పటికీ ఉంది. భవనం లోపలికి టికెట్టు ఖరీదైనదే. చరిత్ర మీద ఆసక్తి ఉన్న తాతగారు వెంట ఉంటే తప్పక పెట్టదగిన ఖర్చు. చిన్నపిల్లలతో అయితే లోపలికి వెళ్లి పావుగంటలో బయటికి రావలసి వస్తుంది కాబట్టి, తోటలో కూర్చుని ఆ ద్వారం చూసి రావడమే ఉత్తమం, దానికి రుసుము లేదు.

1899లో తెరిచిన ప్యాలెస్ పియర్ సముద్రంలోకి అర కిలోమీటరుకు పైగా సాగిన ఇనుప కట్టడం. దాని మీదికి వెళ్లడం చాలాకాలం ఉచితంగా ఉండేది; 2024 వేసవిలో ఊరివారు కానివారికి ఒక పౌండు ప్రవేశ రుసుము మొదలుపెట్టారు. రుసుము చిన్నదే, అయితే ఆ పైన తిప్పే, ఊపే యంత్రాల మీద ఒక్కో సవారీకి వేరుగా కట్టవలసిన చోట ప్రవేశానికి కూడా అడగడం నాకు సమంజసంగా తోచలేదు. చివరన ఉన్న పెద్ద సవారీలు రెండు మూడు నిమిషాల్లో అయిపోతాయి, పిల్లలు వెంటనే ఇంకోటి అంటారు. సవారీలన్నిటికీ కలిపి టికెట్టుగా ఆన్‌లైన్‌లో ముందుగా కొనే చేతిపట్టీ అన్ని సవారీలూ ఎక్కే పదేళ్లు దాటిన పిల్లలకు గిట్టుబాటు అవుతుంది. ఎత్తు చాలని చిన్నపిల్లలకు అది దండగ. నా దృష్టిలో పియర్ మీద అన్నిటికంటే విలువైన వినోదం రెండు పెన్నీల నాణేలు తోసే యంత్రాలు. అద్దం వెనుక నాణేల గుట్ట అంచు దాకా వచ్చి పడీపడనట్లు ఊగుతుంటుంది, మనం వేసిన నాణెం దాన్ని తోస్తుంది. 5 పౌండ్లు మారిస్తే 250 నాణేలు వస్తాయి. ఇద్దరు పిల్లలకూ, వాళ్లకంటే ఉత్సాహంగా ఆడే అమ్మమ్మకూ గంటసేపు సరిపోతాయి. గెలిచిన చిల్లరను కూడా ఆ యంత్రంలోనే వేసేస్తారన్నది ముందే ఒప్పుకుని మొదలుపెడితే బాధ ఉండదు.

భోజనం విషయంలో ఇంటి నుంచి పులిహోర, చపాతీలు కట్టుకుని వెళ్లడమే అన్నివిధాలా శ్రేష్ఠం, ఒడ్డున కూర్చుని తినడానికి ఎవరూ అభ్యంతరం చెప్పరు. అయినా చేపలు, చిప్స్ రుచి చూడకుండా రావడం న్యాయం కాదు. ఒక్కో పొట్లం 10 పౌండ్లు దాటుతుంది, అయితే చేప ముక్క అరచేతికంటే పెద్దది కాబట్టి ఆరుగురికి రెండు పొట్లాలు చాలు. శాకాహారులు చిప్స్ ఏ నూనెలో వేయిస్తున్నారో అడగాలి. కొన్ని దుకాణాలు గొడ్డు కొవ్వు వాడతాయి, చేపలు వేయించిన నూనెలోనే చిప్స్ వేసేవి ఇంకా ఉన్నాయి. సీగల్ పక్షులు మనుషుల చేతిలోంచే ఆహారం లాక్కుపోతాయి కనుక గోడకు వీపు ఆనించి తినడం మంచిది. హోటల్లో కూర్చుంటే బిల్లులో సర్వీస్ ఛార్జీ చేర్చారేమో చూసుకోవాలి, సాధారణంగా అది ఇవ్వడం ఐచ్ఛికం. మద్యం అమ్మే లైసెన్సు ఉన్న చోట అడిగితే కుళాయి నీళ్లు ఉచితంగా ఇవ్వవలసిందే, సీసా నీళ్లు కొననక్కరలేదు.

చేతి ఖర్చు ఎంత పెట్టుకోవాలన్న ప్రశ్నకు నా అంచనా ఇది. ఇంటి భోజనంతో వెళ్లే ఆరుగురి కుటుంబానికి టికెట్లు కాక 60 పౌండ్లు ఉంటే రెండు పొట్లాల చేపలు, అందరికీ ఐస్‌క్రీములు, పియర్ ప్రవేశం, నాణేల ఆట సాగిపోతాయి. పెవిలియన్, సవారీలు, హోటల్ భోజనం కలిపితే ఆ మొత్తం సులువుగా మూడు రెట్లవుతుంది. ఇందులో నగదు 20 పౌండ్లకు మించి అక్కరలేదు, మిగిలినదంతా కార్డు తాకిస్తే సరిపోతుంది. ఇండియా నుంచి వచ్చిన పెద్దవాళ్లు సొంత కార్డు వాడతామని పట్టుబడితే, యంత్రం రూపాయల్లోనా, పౌండ్లలోనా అని అడిగినప్పుడు పౌండ్లనే ఎంచుకోమని చెప్పాలి. రూపాయలు ఎంచుకుంటే మారకపు ధరలో నష్టం వస్తుంది. మామూలు ఇండియా కార్డుల మీద బ్యాంకులు సాధారణంగా 2 నుంచి 3.5 శాతం వరకు విదేశీ రుసుము వేస్తాయి కాబట్టి, చిన్న మొత్తాలకు అయినా ఇక్కడి కార్డే మేలు. గతంలో ఒకసారి వచ్చి వెళ్లినవారు బీరువాలో దాచిన నోట్లు తెస్తారు, వాటిని జాగ్రత్తగా చూడాలి. కాగితపు 20, 50 పౌండ్ల నోట్లు 2022 సెప్టెంబరు 30తో చెలామణి నుంచి తప్పుకున్నాయి, దుకాణాల్లో తీసుకోరు. వాటి విలువ మాత్రం పోలేదు, బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్‌లో మార్చుకోవచ్చు. ప్లాస్టిక్ నోట్ల మీద కొన్నింటిపై రాణి, కొన్నింటిపై రాజు బొమ్మ కనిపించినా రెండూ చెల్లుతాయి.

తిరుగు ప్రయాణం గురించి రెండు మాటలు. ఎండ కాసిన రోజున సాయంత్రం ఐదు, ఏడు మధ్య బ్రైటన్ స్టేషన్ నిండిపోతుంది. నాలుగు లోపు బయలుదేరినా, ఏడున్నర దాటాక బయలుదేరినా కూర్చోవడానికి చోటు దొరికే అవకాశం ఎక్కువ. ఈ మార్గంలో మరమ్మతులు తరచుగా ఆదివారాల్లో, బ్యాంకు సెలవుల్లో పెడతారు, ఆ రోజుల్లో దారి మధ్యలో దింపి బస్సెక్కిస్తారు. టికెట్టు కొనే ముందు ఆ తేదీకి రైలు నేరుగా వెళుతుందో లేదో చూసుకోకపోతే గంట ప్రయాణం రెండున్నర గంటలవుతుంది. రైలు 15 నిమిషాలు, అంతకుమించి ఆలస్యమైతే డిలే రిపే పేరుతో కొంత సొమ్ము తిరిగి ఇస్తారు: అరగంట లోపు ఆలస్యానికి ఒకవైపు టికెట్టు ధరలో పావు వంతు, అరగంట దాటితే సగం, గంట దాటితే మొత్తం. 28 రోజుల్లోగా అడగాలి, టికెట్టు ఫొటో కావాలి. అందుచేత ఇల్లు చేరేదాకా ఆ ఆరు టికెట్లనూ ఎవరో ఒక్కరి దగ్గరే ఉంచడం మంచిది.